యుద్ధకాలపు పాత ప్రేమ కామిక్స్: వెతకడం, తేదీ తేల్చడం, చదవడం, దాచుకోవడం

యుద్ధకాలపు ప్రేమ కామిక్స్ అనగానే చాలామంది రెండో ప్రపంచ యుద్ధం నాటి సంచికల కోసం వెతుకుతారు. మొదటి అడుగే పక్కదారి పడుతుంది. అమెరికాలో పూర్తిగా ప్రేమకథలతో కామిక్ పత్రికలు మొదలైంది ఆ యుద్ధం ముగిసిన రెండేళ్లకు. జో సైమన్, జాక్ కిర్బీ కలిసి ప్రైజ్ సంస్థ కోసం తయారుచేసిన 'యంగ్ రొమాన్స్' తొలి సంచిక మీద 1947 సెప్టెంబర్-అక్టోబర్ అని ఉంటుంది. (మన 'చందమామ' మొదలైందీ ఆ ఏడాది జులైలోనే.) అంతకుముందు సైనికుల ప్రేమలూ సరసాలూ కావాలంటే వార్తాపత్రికల స్ట్రిప్పులు చూసుకోవాలి, ముఖ్యంగా 1943-46 మధ్య సైనిక శిబిరాల పత్రికల కోసం మిల్టన్ కానిఫ్ గీసిన 'మేల్ కాల్'.

'యుద్ధం' అన్న మాటను పేరులోనే పెట్టుకున్న ప్రేమ పత్రికలు కొరియా యుద్ధంతో వచ్చాయి. ఆ యుద్ధం 1950 జూన్ 25న మొదలై 1953 జులై 27న కాల్పుల విరమణతో ఆగింది. ఈ మార్గదర్శి ఆ కాలపు అమెరికన్ సంచికల గురించే. చదివేటప్పుడూ కొనేటప్పుడూ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు: ముఖచిత్రం చెప్పేది నమ్మకండి, లోపలి చిన్న అక్షరాలు చెప్పేది నమ్మండి.

మొదటి అడుగు: ఏ పత్రికలో తెలుసుకోండి

నాలుగు పేర్లతో మొదలుపెట్టండి.

సెయింట్ జాన్ సంస్థ 'వార్‌టైమ్ రొమాన్సెస్'. 1951 జులై నుంచి 1953 నవంబర్ వరకు 18 సంచికలు. మ్యాట్ బేకర్ బొమ్మల వల్ల ఇప్పుడు అందరూ దీని వెంటే పడుతున్నారు, ధరలూ దీనికే ఎక్కువ.

క్వాలిటీ సంస్థ 'ట్రూ వార్ రొమాన్సెస్'. 1952 సెప్టెంబర్ నుంచి 1955 జూన్ వరకు 21 సంచికలు. 22వ సంచిక నుంచి ఇదే పత్రిక 'ఎగ్జాటిక్ రొమాన్సెస్' అయింది.

క్వాలిటీ వాళ్లదే 'జీఐ స్వీట్‌హార్ట్స్' (జీఐ అంటే అమెరికన్ సైనికుడు). ఇది 32వ సంచికతో మొదలై (1953 జూన్) 45తో ముగుస్తుంది (1955 మే). కొత్తవాళ్లు దీని ఒకటో సంచిక కోసం నెలల తరబడి వెతుకుతుంటారు. అది లేదు, ఎప్పుడూ రాలేదు. ఒకటో సంచిక 'లవ్ డైరీ' పేరుతో, 2 నుంచి 31 వరకు 'డైరీ లవ్స్' పేరుతో వచ్చాయి. 46 నుంచి 'గర్ల్స్ ఇన్ లవ్' అయింది. పేరు మార్చినా వరుస సంఖ్య మార్చకపోవడానికి కారణం తపాలా ఖర్చు. చందాదారులకు చవక రేటులో పంపే రెండో తరగతి అనుమతి పత్రిక పేరు మీద ఉంటుంది. కొత్త పత్రిక పెడితే మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము. అందుకే కొత్త పత్రికకు పాత అంకెలు అంటగట్టి, పాతదే కొనసాగుతోందని చూపించేవారు.

నాలుగోది టొరంటోకు చెందిన సుపీరియర్ సంస్థ 'జీఐ వార్ బ్రైడ్స్'. 1954 ఏప్రిల్ నుంచి 1955 జూన్ వరకు 8 సంచికలు. బొమ్మలు న్యూయార్క్‌లోని ఐగర్ స్టూడియోవి.

ఈ తేదీలు మరోసారి చూడండి. 'జీఐ స్వీట్‌హార్ట్స్' పేరు వచ్చిన కొద్ది నెలల్లోనే కొరియాలో తుపాకులు ఆగాయి. 'జీఐ వార్ బ్రైడ్స్' అసలు పుట్టిందే యుద్ధం ఆగాక. అంటే 'యుద్ధకాలపు' ప్రేమ పత్రికల్లో సగం వ్యాపారం యుద్ధం లేని కాలంలో జరిగింది. సైనికులు మాత్రం జపాన్‌లో, కొరియాలో, జర్మనీలో ఇంకా ఉన్నారు. ఇంటి దగ్గర ఎదురుచూసే అమ్మాయిలూ ఉన్నారు. పత్రికలకు ఆ ఎదురుచూపు చాలు, యుద్ధంతో పనిలేదు.

ఈ నాలుగూ కాక, ఆనాటి మామూలు ప్రేమ పత్రికల్లో కూడా సంచికకో సైనికుడి కథ తగులుతూనే ఉంటుంది. వాటిని పేరు చూసి పట్టుకోలేరు, లోపలి కథల జాబితా చూడాల్సిందే.

రెండో అడుగు: కొనే ముందు ఉచితంగా చదవండి

అమెరికాలో 1964కు ముందు అచ్చయిన వాటికి 28వ ఏట హక్కులు పునరుద్ధరించుకోకపోతే అవి అందరి సొత్తు అయిపోయేవి. ఇలాంటి చిన్న సంస్థలు అప్పటికి మూతపడ్డాయి, చాలా సంచికలకు ఆ పని చేసేవాళ్లు లేకపోయారు. అందుకే డిజిటల్ కామిక్ మ్యూజియం, కామిక్ బుక్ ప్లస్ అనే రెండు చోట్ల ఇలాంటివి బోలెడు దొరుకుతాయి. ఏ సంచికలో ఏ కథ ఉంది, ఎవరు గీశారు అన్నది గ్రాండ్ కామిక్స్ డేటాబేస్‌లో చూసుకోండి.

వెతికేటప్పుడు 'జీఐ' అక్షరాల మధ్య చుక్కలతో ఒకసారి, చుక్కల్లేకుండా ఒకసారి కొట్టండి. ఫలితాలు వేరుగా వస్తాయి.

ఫైల్ చివర సీబీజెడ్ అని ఉంటే అది జిప్ ఫైలే, సీబీఆర్ అయితే ఆర్ఏఆర్ ఫైల్. కామిక్ రీడర్ యాప్ లేకపోతే సీబీజెడ్‌ను జిప్ అని పేరు మార్చి తెరవండి, బొమ్మల ఫైళ్లు వరుసగా కనిపిస్తాయి. ఫైల్ పేరులో 'ఫిష్' అని ఉంటే అది మైక్రోఫిష్ (పేజీలను బాగా చిన్నవి చేసి దాచే ఫిల్మ్) నుంచి తీసింది. కథ అర్థమవుతుంది కానీ రంగుల గురించి, గీత నాణ్యత గురించి దాన్ని బట్టి ఏమీ చెప్పకూడదు. 'సీ2సీ' అంటే అట్ట నుంచి అట్ట దాకా అన్ని పేజీలూ ఉన్నాయని. ప్రకటనలు తీసేసిన స్కాన్‌ల కంటే ఇవే మేలు. రొమ్ము సౌష్టవం పెంచే క్రీములు, ఇంట్లో కూర్చుని నర్సు కోర్సు, నకిలీ వజ్రపు ఉంగరాలు అమ్మే ఆ ప్రకటనలు చూస్తేనే ఆ పత్రిక ఎవరి చేతుల్లోకి వెళ్లేదో తెలుస్తుంది.

అందరి సొత్తు అన్నది అమెరికా లెక్క. తెలుగులోకి అనువదించి అచ్చు వేయాలనుకుంటే ఒక్కో సంచికకూ విడిగా హక్కులు చూసుకోవాలి. ఇక్కడి చట్టం వేరు.

మూడో అడుగు: తేదీ తేల్చడం

ముందు అట్ట తిప్పండి. లోపలివైపు కింద గానీ మొదటి కథా పేజీ అడుగున గానీ చీమల బారులాంటి చిన్న అక్షరాల పేరా ఒకటి ఉంటుంది. దాన్ని ఇండీషియా అంటారు. పత్రిక అసలు పేరు, సంపుటి, సంచిక, నెల, ఏడాది, ఎన్ని నెలలకోసారి వస్తుంది, ప్రచురణకర్త, ఏ తపాలా కార్యాలయంలో రెండో తరగతి నమోదు జరిగింది అన్నవన్నీ అక్కడ ఉంటాయి. అట్ట మీది పేరుకూ ఇక్కడి పేరుకూ తేడా వస్తే ఇక్కడిదే ప్రమాణం.

తేదీ దొరికాక వెనక్కి లెక్కపెట్టాలి. అట్ట మీది నెల పత్రిక దుకాణంలోకి వచ్చిన నెల కాదు, దుకాణదారు తిరిగి పంపేయాల్సిన గడువుకు దగ్గరిది. సంచిక సుమారు రెండు మూడు నెలల ముందే అమ్మకానికి వచ్చేది. దానికి మరో మూడు నాలుగు నెలల ముందు కథ రాసి, బొమ్మలు గీసి, రంగులు నిర్ణయించి అచ్చుకు పంపేవారు. మొత్తం మీద అట్ట నెలకు సుమారు ఆరు నెలల ముందు కథ పుట్టిందనుకోవచ్చు.

దీన్ని ఒక సంచిక మీద పెట్టి చూద్దాం. 'వార్‌టైమ్ రొమాన్సెస్' చివరి సంచిక మీద 1953 నవంబర్ అని ఉంది. ఆరు నెలలు వెనక్కి వెళితే మే. అప్పటికి పాన్‌మున్‌జోమ్‌లో చర్చలు నడుస్తున్నాయి, కాల్పుల విరమణ రాలేదు, జబ్బుపడిన ఖైదీల మార్పిడి మాత్రం ఏప్రిల్ 20 నుంచి మే 3 దాకా జరిగింది. కాబట్టి నవంబర్ సంచికలో యుద్ధం ఇంకా సాగుతున్నట్టు కనిపిస్తే అది రచయిత అజ్ఞానం కాదు, అచ్చు ఆలస్యం.

ఈ లెక్క తప్పే సందర్భాలు రెండున్నాయి. ఒకటి, పాత కథను మళ్లీ వేయడం. సెయింట్ జాన్ సంస్థ ఇందులో మొహమాటపడేది కాదు. పాత కథలు తిరిగి వేసేది, అమ్ముడుపోని సంచికలను కుట్టి లావుపాటి 25 సెంట్ల పుస్తకాలుగానూ అమ్మేది. రెండోది, తర్వాతివాళ్ల పునర్ముద్రణ. 1958 నుంచి 1964 దాకా ఐ.డబ్ల్యూ., సూపర్ అన్న గుర్తులతో పాత ప్రేమ కామిక్స్ మళ్లీ వచ్చాయి. అట్ట బొమ్మ కొత్తది, లోపలిది పాతది. ఇండీషియాలో నెల, ఏడాది లేకుండా 1950ల నాటి కథ కనిపిస్తే ముందు దీన్ని అనుమానించండి.

అట్ట మీద కామిక్స్ కోడ్ (ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న నియమావళి) ముద్ర ఉందేమో చూడండి. తపాలా బిళ్లలా అంచులున్న ఆ ముద్ర సాధారణంగా పైన కుడి మూల దగ్గర ఉంటుంది. కోడ్ 1954 అక్టోబర్‌లో వచ్చింది, ముద్ర 1955 మొదటి నెలల తేదీలున్న సంచికల నుంచి కనిపిస్తుంది. ముద్ర ఉండి, అమ్మేవాళ్లు 1952 అంటుంటే ఎవరో పొరబడుతున్నారు.

నాలుగో అడుగు: కథలో యుద్ధం ఏది?

1950ల సంచికలోనే రెండో ప్రపంచ యుద్ధం కథ ఉండొచ్చు, కొరియా కథ ఉండొచ్చు, ఏ యుద్ధమో తేల్చకుండా 'సముద్రం అవతల' అని సరిపెట్టిన కథా ఉండొచ్చు. బొమ్మల్లోని వస్తువులు చూసి తేల్చాలి.

గాయపడినవాళ్లను చిన్న హెలికాప్టర్‌లో తెస్తుంటే కొరియా. గాజు బుడగలాంటి ముందుభాగం ఉంటే అది బెల్ హెచ్-13. ఆకాశంలో రెక్కలు వెనక్కి వంగిన అమెరికన్ జెట్ ఉన్నా అంతే, ఎఫ్-86 సేబర్ కావచ్చు. వైమానికుడు నీలం యూనిఫాంలో ఉంటే 1949 తర్వాతి కథ, ఎందుకంటే వైమానిక దళం 1947 సెప్టెంబర్‌లో సైన్యం నుంచి విడిపోయింది, నీలం దుస్తులు 1949లో వచ్చాయి. అయితే రంగులు వేసేవాళ్లు ఎప్పుడూ యూనిఫాం నిబంధనలు చదివి వేయలేదు. రంగొక్కటే ఆధారంగా తీర్పు ఇవ్వకండి, భుజం మీది గుర్తులు కూడా చూడండి. ఒక బంగారు పట్టీ సెకండ్ లెఫ్టినెంట్, రెండు వెండి పట్టీలు కెప్టెన్. మాటల్లో 'కెప్టెన్' అని, భుజం మీద ఒకే పట్టీ ఉంటే చిత్రకారుడు తొందరపడ్డాడని అర్థం. ఇలాంటివి తరచుగా తగులుతాయి.

ఉత్తరం కవరు మీద తపాలా బిళ్ల చోట చేత్తో 'ఫ్రీ' అని రాసి ఉంటే, తిరుగు చిరునామాలో శాన్‌ఫ్రాన్సిస్కో ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) ఉంటే పసిఫిక్ వైపు కథ. కొరియాలో ఉన్న సైనికులకు 1950 జులై నుంచి ఉచిత తపాలా ఇచ్చారు.

అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు 'రొటేషన్' అన్న మాట. కొరియాలో సైనికుడు యుద్ధం ముగిసేదాకా ఉండక్కర్లేదు. 1951లో పెట్టిన పద్ధతి ప్రకారం ముందు వరుసలో నెలకు 4 పాయింట్లు, వెనక ఉన్నవాళ్లకు తక్కువ. తర్వాత స్థిరపడిన లెక్కలో 36 పాయింట్లు చేరితే ఇంటికి. ముందు వరుసలోవాడికి తొమ్మిది నెలలు. కథలకు ఇది గొప్ప ముడిసరుకు. నాయిక క్యాలెండర్ మీద గీతలు పెడుతుంది, అతను 32 పాయింట్ల దగ్గర ఉండగా టెలిగ్రాం వస్తుంది. మధ్యలో జపాన్‌లో అయిదు రోజుల విశ్రాంతి సెలవు, దాన్నే ఆర్ అండ్ ఆర్ అనేవారు. కథలో అనుమానం పుట్టేది సాధారణంగా ఆ అయిదు రోజుల్లోనే.

ఖైదీ తిరిగొచ్చే కథలను 1953 ఆగస్టు 5 నుంచి సెప్టెంబర్ 6 దాకా జరిగిన పెద్ద మార్పిడితో పోల్చి చూడండి. ఇంటికి వెళ్లం అన్న ఖైదీలను ఆ తర్వాత కాపలా కాసింది భారత సైన్యం. ఆ ఖైదీల వ్యవహారం చూసిన తటస్థ దేశాల కమిషన్ అధ్యక్షుడు జనరల్ తిమ్మయ్య.

అయిదో అడుగు: చదివే పద్ధతి

ఈ కథల అచ్చు ఒకటే. నాయిక తన నోటితో, జరిగిపోయిన సంగతిగా చెబుతుంది. మొదటి పేజీలో సగం ఆక్రమించే పెద్ద బొమ్మలో కథ మధ్యలోని అతి గడ్డు క్షణం ఉంటుంది. తర్వాత వెనక్కి వెళ్లి మొదలుపెడతారు. ఆరు నుంచి ఎనిమిది పేజీల్లో ముగింపు. 'నిజ గాథలు' అని అట్ట మీద ఎంత పెద్దగా రాసినా వీటిని ఎక్కువగా రాసింది జీతానికో పేజీ లెక్కకో పనిచేసిన మగవాళ్లు. కాబట్టి ఒక అమ్మాయి సాక్ష్యంగా కాదు, అమ్మాయి ఏమనుకోవాలని ప్రచురణకర్త కోరుకున్నాడో అన్నట్టుగా చదవండి.

ప్రతి కథనూ రెండుసార్లు చదవండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి పైనున్న పసుపు పెట్టెల్లో నాయిక చెప్పేది వదిలేసి, బొమ్మల్లో ఆమె చేస్తున్నది మాత్రమే చూడండి. చాలాచోట్ల రెండూ పొసగవు. మాటల్లో 'ఎంత తప్పు చేశాను' అంటుంది, బొమ్మలో నవ్వుతూ నాట్యం చేస్తుంటుంది. సెయింట్ జాన్ కథల్లో ఈ తేడా ఎక్కువ. అందుకే అవి మిగతావాటికంటే బతికి బట్టకట్టాయి. అక్కడ తప్పుచేసిన అమ్మాయికి ఘోరమైన శిక్షలు తక్కువ.

కోడ్‌కు ముందు సంచిక ఒకటి, తర్వాతది ఒకటి పక్కపక్కన పెట్టి చూస్తే మార్పు కళ్లకు కడుతుంది. ప్రేమకథలు ఇంటి విలువను, వివాహ పవిత్రతను నొక్కిచెప్పాలని కోడ్ రాసిపెట్టింది. 1955 సంచికల్లో చాటుమాటు వ్యవహారాలు మాయమై, తల్లిదండ్రుల సలహాలు పెరుగుతాయి.

మధ్యలో బొమ్మల్లేని రెండు పేజీల కథ వస్తుంది. దాన్ని దాటేయాలనిపిస్తుంది. అది కూడా తపాలా నిబంధన కోసం పెట్టిందే, పత్రిక అనిపించుకోవాలంటే చదివే పేజీలు కొన్ని ఉండాలి. సాహిత్యపరంగా పెద్దగా ఏమీ ఉండదు.

సైన్యంలో నల్లజాతివాళ్లను వేరుపెట్టడం ఆపాలని 1948 జులై 26న అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చాడు. కొరియా నాటికి అది అమలవుతోంది. ఈ ప్రేమకథల్లో మాత్రం దాదాపు అందరూ తెల్లవాళ్లే. ఆసియా స్త్రీలు కనిపిస్తే మోసగత్తెలుగానో త్యాగమూర్తులుగానో ఉంటారు, చర్మానికి పసుపు రంగు పూసేస్తారు. ఈ బొమ్మల్లో అత్యుత్తమమైనవి గీసిన మ్యాట్ బేకర్ (1921-1959) నల్లజాతి చిత్రకారుడు. అతను గీసిన పేజీల్లో అతనిలాంటివాళ్లకు చోటు లేదు.

ఆరో అడుగు: చిత్రకారుణ్ని గుర్తుపట్టడం

సంతకాలు అరుదు. అమ్మేవాళ్లు ప్రతి అందమైన ముఖాన్నీ బేకర్ ఖాతాలో వేస్తారు, ధర పెరుగుతుంది కాబట్టి. బేకర్ కాదో అవునో చేతులు చూసి తేల్చడం మంచిది. అతని స్త్రీల వేళ్లు విడివిడిగా, ఏదో పనిలో ఉంటాయి: గ్లవ్ లాగుతూ, ఉత్తరం అంచు పట్టుకుని, కుర్చీ వీపు మీద ఆనించి. నిలబడితే బరువు ఒక కాలి మీదే ఉంటుంది, బట్ట మడతలు ఆ కాలి వైపు జారతాయి. అతని పెన్సిల్ మీద వేరేవాళ్లు సిరా వేసిన కథలు చాలా ఉన్నాయి, అప్పుడు ముఖాలు మొద్దుబారినా నిలబడే తీరు మాత్రం దాగదు. అట్ట అతనిదైనంత మాత్రాన లోపలి కథలు అతనివి కావు. విడివిడిగా చూసుకోండి.

ఏడో అడుగు: కాగితం ప్రతి కొనడం

అమెరికాలో ఉన్నవాళ్లకు కామిక్ కన్వెన్షన్లు, పాత సరుకుల సంతలు, దుకాణాలు అందుబాటులో ఉంటాయి. మిగతావాళ్లకు ఈబే, హెరిటేజ్ వేలం. అడిగే ధరలు చూసి అంచనా వేయకండి, అమ్ముడైన ధరల వడపోత పెట్టి చూడండి. రెంటికీ పొంతన ఉండదు.

నాణ్యతను 0.5 నుంచి 10 దాకా అంకెలతో చెబుతారు. 2.0 అంటే గుడ్, 4.0 వెరీ గుడ్, 6.0 ఫైన్, 8.0 వెరీ ఫైన్. గుడ్ అన్న మాట చూసి మోసపోకండి. మడతలు, వెన్ను చిరుగులు, అరిగిన మూలలు ఉన్న ప్రతే గుడ్. చదువుకోవడానికి 2.0 నుంచి 4.0 మధ్యది చాలు. వీటిని కొన్నది పిల్లలూ యువతులూ, చదివి చేతులు మార్చుకున్నారు, కాబట్టి మచ్చలేని ప్రతులు అసలే తక్కువ.

అమ్మేవాళ్లను ఫొటోలు అడగాల్సినవి: అట్ట రెండువైపులా, వెన్ను, మధ్య పేజీలు పిన్నులతో సహా, ఇండీషియా. తర్వాత ఈ నాలుగూ తేల్చుకోండి.

కాగితాలు లెక్కపెట్టించండి. 36 పేజీల సంచికలో అట్ట 4 పేజీలు, లోపల 32. విప్పితే లోపల 8 పెద్ద కాగితాలు, ఒక్కోదానికి 4 పేజీలు. 1950-51 నాటి 52 పేజీల సంచికైతే 12 కాగితాలు. మధ్య కాగితం పిన్నుల నుంచి ఊడిపోయే అవకాశం ఎక్కువ, పోతే కథ సరిగ్గా నడిమధ్యలో నాలుగు పేజీలు పోతాయి. అట్ట చూసి అది తెలియదు.

ప్రకటనల పేజీల్లో కూపన్ కత్తిరించి ఉందేమో చూడండి. కూపన్ వెనకవైపు కథ ఉంటే దాని గడి కూడా పోయినట్టే.

అంచు కత్తిరించారేమో చూడండి. 1950ల సంచిక ఎత్తు సుమారు 10.25 అంగుళాలు, వెడల్పు 7.25 నుంచి 7.75 మధ్య. ఆ రోజుల్లో కోత ఎప్పుడూ ఒక్కలా ఉండేది కాదు కాబట్టి కొలత ఒక్కటే చాలదు. డెబ్బై ఏళ్ల పుస్తకానికి అంచులు మాత్రం బ్లేడుతో కోసినంత తెల్లగా, పదునుగా ఉంటే అనుమానించండి.

రంగు పూత, అతుకులు ఉన్నాయేమో 365 నానోమీటర్ల అతినీల కాంతి టార్చితో చూడండి. ఆనాటి న్యూస్‌ప్రింట్ మసకగా ఉంటుంది. తర్వాత అతికించిన ఆధునిక కాగితంలో తెల్లదనం పెంచే రసాయనం ఉంటుంది, అది నీలితెలుపుగా మెరుస్తుంది. కామిక్స్ నాణ్యత తేల్చే సీజీసీ సంస్థ డబ్బాలో పెట్టిన ప్రతైతే పైపట్టీ రంగు చూడండి. నీలం మామూలుది, ఊదా రంగు మరమ్మతు చేసినది.

మీరు మాత్రం ఏ మరమ్మతూ చేయకండి. తుప్పు పట్టిన పిన్ను తీసి కొత్తది వేయడం కూడా మరమ్మతు కిందే లెక్క. సెల్లోటేప్ జిగురు కొన్నేళ్లకు కాగితంలోకి దిగి గోధుమ రంగు మరకవుతుంది, తర్వాత తీయలేరు. లామినేషన్ చేస్తే ఆ ప్రతి కథ ముగిసినట్టే.

ఎనిమిదో అడుగు: మన వాతావరణంలో దాచుకోవడం

అమెరికాలో ఉన్న బంధువుల ఇంటికి తెప్పించి, వాళ్లు వచ్చేటప్పుడు చేతి సామానులో తెప్పించుకోవడం మనవాళ్లకు అలవాటైన దారి, నమ్మకమైనదే. ఒక్క మాట ముందే చెప్పండి: రెండు గట్టి అట్టముక్కల మధ్య పెట్టాలి, ఒకదాని లోపలి గాడులు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండాలి. రెండూ ఒకే దిశలో ఉంటే అట్టలు రెండూ కలిసి అదే గీత వెంట వంగుతాయి.

న్యూస్‌ప్రింట్‌లో కలప గుజ్జు లిగ్నిన్‌తో సహా ఉంటుంది. వెలుతురు, గాలి, తేమ తగిలితే ఆమ్లం పెరిగి కాగితం పసుపై, గోధుమై, చివరికి పెళుసవుతుంది. సంచి అడుగున గోధుమ రంగు పొడి రాలి ఉంటే ఆ దశ వచ్చేసింది. మూల మడిచి పరీక్షించకండి, ఆ మూల మీ వేళ్ల మధ్య మిగులుతుంది.

సంచి: మైలార్ అనే పాలియెస్టర్ సంచి, 'గోల్డెన్ ఏజ్' (పాత వెడల్పాటి కామిక్స్) కొలత. తర్వాతి కాలపు కామిక్స్ కోసం చేసిన సిల్వర్ ఏజ్ సంచి ఇరుకై దూర్చేటప్పుడు వెన్ను చిరుగుతుంది. పాలీప్రొపిలీన్ సంచి చవక, అయిదారేళ్లకోసారి మార్చాలి. పీవీసీ వద్దు. వెనక పెట్టే బోర్డు లోపలంతా ఆమ్లం లేనిదై, 3 శాతం క్యాల్షియం కార్బొనేట్ కలిపినదై ఉండాలి. ఒకవైపే పూత ఉన్న చవక బోర్డుల లోపలి గుజ్జు ఆమ్లమే.

ఉష్ణోగ్రత 18 నుంచి 22 డిగ్రీలు ఉండాలని పుస్తకాలు చెబుతాయి. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఇరవై నాలుగు గంటలూ ఏసీ నడపడం అయ్యే పని కాదు. రాత్రి ఏసీ వేసి పగలు ఆపేసే గదికంటే ఎప్పుడూ ఒకే వేడి ఉండే లోపలి గది మేలు. చల్లబడి మళ్లీ వేడెక్కే ప్రతిసారీ కాగితం తేమ పీల్చి వదులుతుంది, వెన్ను దగ్గర అలలు లేస్తాయి. వేడిని వదిలేసి తేమను పట్టుకోండి. మూత బిగుతుగా ఉండే 20 లీటర్ల పాలీప్రొపిలీన్ డబ్బా, అందులో తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్, 200 నుంచి 250 గ్రాముల నారింజ రంగు సిలికా జెల్. రెండు రోజుల తర్వాత చూడండి. 40-50 శాతం మధ్య ఉంటే సరి. 35 కంటే దిగితే కొంత జెల్ తీసేయండి, మరీ ఎండినా కాగితం విరుగుతుంది. జెల్ ఆకుపచ్చగా మారాక 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచి, చల్లారాక మళ్లీ వాడండి. జెల్ సంచి కామిక్‌కు తగలకూడదు. కోస్తాలో మొదటి వానాకాలం వారానికోసారి చూడాలి, హైదరాబాద్‌లో అంత అవసరం ఉండదు.

డబ్బాలో నిలువుగా పెట్టండి, వంగకుండా ఖాళీని అట్టతో నింపండి. డబ్బా నేల మీద కాదు, బయటి గోడకు ఆనించి కాదు, చెదలు వచ్చేది ఆ రెండు దారుల్లోనే. కలరా ఉండలు వేయకండి, ఆ వాసన కాగితాన్ని వదలదు, ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. పురుగు కనిపిస్తే ఆ ప్రతిని రెండు జిప్ సంచుల్లో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజంతా సంచి తెరవకండి. తెరిస్తే గాలిలో తేమ చల్లటి కాగితం మీద నీళ్లయి కూర్చుంటుంది.

తొమ్మిదో అడుగు: స్కాన్, నమోదు

మీ దగ్గర ఉన్న సంచికకు మంచి స్కాన్ ఎక్కడా లేకపోతే మీరే చేయండి. ఫ్లాట్‌బెడ్ మీద 600 డీపీఐ, 24 బిట్ రంగు, ఆటో కలర్ ఆపేయాలి. లేకపోతే యంత్రం పసుపు కాగితాన్ని తెల్లగా మార్చబోయి చర్మపు రంగులు చెడగొడుతుంది. 150లోనో 200లోనో స్కాన్ చేస్తే అచ్చులోని రంగు చుక్కలు స్కానర్ గళ్లతో ఢీకొని అలల నమూనాలు వస్తాయి. 600లో తీసి సగానికి తగ్గిస్తే ఆ బెడద తక్కువ. ప్రతి పేజీ వెనకా నల్ల కాగితం పెట్టండి, లేకపోతే అవతలి పేజీ బొమ్మ దీనిలోకి తొంగిచూస్తుంది. మూత గట్టిగా నొక్కకండి. వెన్ను బిగుతుగా ఉంటే స్కానర్ వదిలేసి, పుస్తకాన్ని 90 డిగ్రీలు మాత్రమే తెరిచి దిండు ఆనించి, ఫోన్‌తో ఫొటో తీయండి. నాణ్యత తగ్గుతుంది, ప్రతి మిగులుతుంది.

నమోదు పుస్తకంలో సంచికకో వరుస చాలదు, కథకో వరుస పెట్టండి. కథ పేరు, పేజీలు, ఇండీషియా తేదీ, కథలోని యుద్ధం, దాన్ని తేల్చిన గుర్తు, నాయిక పని (నర్సు, వాక్ అనే సైన్యపు మహిళా దళం, టైపిస్టు, ఇంట్లో ఉండేది), ముగింపు, చిత్రకారుడు, ఆ పేరు సంతకం వల్ల తెలిసిందా మీ అంచనానా. చివరి గడి ఖాళీగా వదిలేస్తే మీ అంచనా రేపు ఇంకొకరి చేతిలో నిజంగా చెలామణి అవుతుంది. డేటాబేస్‌లో పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టే వీలుంది, వాడుకోండి.